ఎడమ పక్క ఎవరూ లేరు

లోవెల్ టీగ్ ఆటలో బంతి వంక చూడడు. కార్వర్ ఫ్లాట్ ఊరు ఊరంతా గ్యాలరీలో కూర్చుని బంతి ఎటు పోతే అటు తలలు తిప్పుతుంటే, అతను మాత్రం గీత మీద వంగి నిలబడ్డ అయిదుగురు కుర్రాళ్ళ కాళ్ళ వంకే చూస్తుంటాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఆ స్కూలు జట్టుకి అతను చిన్న కోచ్, ఆ అయిదుగురూ అతని చేతికింద తయారైనవాళ్ళు. బంతి పట్టుకోవడం, పట్టుకుని పరిగెత్తడం వాళ్ళ పని కాదు. వెనకాల క్వార్టర్‌బ్యాక్ బంతి చేతిలోకి తీసుకుని, ఎవరికి విసరాలా అని చూసుకునే ఆ కాస్సేపూ అవతలివాళ్ళు వచ్చి అతని మీద పడకుండా అడ్డంగా నిలబడటమే వాళ్ళ పని. వాళ్ళ పేర్లు పేపర్లో పడవు. వాళ్ళ అమ్మానాన్నలు తప్ప ఎవరూ వాళ్ళ ఫోటోలు తీయరు.

ఆ శుక్రవారం ఆట సగం దాటింది. కార్వర్ ఫ్లాట్ జట్టే పైచేయిగా ఉంది. చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్‌లోంచి పెద్ద కోచ్ రస్ డెన్నార్డ్ గొంతు వినిపించింది.

"లోవెల్, అందర్నీ కుడికి తిప్పు."

లోవెల్ రెండు చేతులూ ఎత్తి కుడివైపుకి తోసి చూపించాడు. అయిదుగురూ చూశారు. తలలు దించుకుని వంగారు. అందరూ కుడికి వెళ్తే ఎడమ పక్క ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడే ఇంకో కుర్రాడు వచ్చి అడ్డం పడతాడు. లోవెల్ అలవాటు కొద్దీ అటు చూశాడు. ఆ కుర్రాడు అక్కడ లేడు. బంతి పట్టుకోవడానికని రస్ వాణ్ణి దూరంగా పంపేశాడు. లోవెల్ చెయ్యి మళ్ళీ సగం దాకా లేచింది. అప్పటికే బంతి కదిలింది.

ఎడమ చివర నిలబడే ఎఫ్రెయిన్ బరేరా చెప్పినట్టే కుడికి కదిలాడు. వాడి వీపు వెనకనుంచి అవతలి జట్టు భారీ మనిషి ఒకడు, అడ్డేవాడు లేక, తిన్నగా పరిగెత్తుకొచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ గారెట్ ల్యాండ్రమ్ కుడివైపుకి తిరిగి, బంతి విసరడానికి చెయ్యెత్తి ఉన్నాడు. తన మీదకి ఏం వస్తోందో వాడికి తెలీదు.

గ్యాలరీలో ఎవరూ అరవలేదు. అంత జనం ఒక్కసారిగా నోళ్ళు మూసుకుంటే మైదానం చివర జెండా తాడు స్తంభానికి కొట్టుకునే చప్పుడు వినిపించింది. గారెట్ లేవలేదు. వాడి ఎడమకాలు మోకాలి దగ్గర కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. బ్యాంకు అద్దాల మీద, పెట్రోలు బంకులో, మంగలి షాపులో ఫోటో వేలాడే కుర్రాడు వాడు. పెద్ద పెద్ద యూనివర్సిటీలవాళ్ళు వాడి కోసం ఆ మట్టిరోడ్డు ఊరికి కార్లేసుకుని వచ్చిపోతున్నారు. ఈ ఏడు రాష్ట్ర ఫైనల్ మనదే అని ఊరు నమ్మకంగా ఉన్నది కూడా వాణ్ణి చూసుకునే.

స్ట్రెచర్ మైదానం దాటకముందే ఆ దెబ్బ వీడియో జనం ఫోన్లలోకి ఎక్కింది. అందులో అందరికీ కనపడింది ఒకటే. ఎఫ్రెయిన్ బరేరా పక్కకి తిరిగి దారి వదిలేశాడు.

శనివారం పొద్దున్న జట్టంతా వీడియో గదిలో కూర్చుంది. ఎవరో డబ్బాల్లో తెచ్చిన డోనట్లు బల్ల మీదే ఉన్నాయి, ఒక్కడూ ముట్టుకోలేదు. రస్ డెన్నార్డ్ రాత్రంతా నిద్రలేని మొహంతో వచ్చి, మాట్లాడకుండా ఆ ముక్కే వేశాడు. ఆపి వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. తెర మీద ఎఫ్రెయిన్ మళ్ళీ మళ్ళీ కుడికి తిరుగుతున్నాడు.

"బరేరా," అన్నాడు రస్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఎక్కడికి బాబూ ప్రయాణం? అటునుంచి అటే సరిహద్దు దాటి మీ మెక్సికో పోదామనుకున్నావా?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఎఫ్రెయిన్ నవ్వలేదు, తల దించుకోలేదు. గోడవారగా నిలబడ్డ లోవెల్ వంక చూశాడు. అంత పెద్ద ఒళ్ళు, ఆ చిన్న కుర్చీలో ఇరుక్కుని, మెడ ఒక్కటే తిప్పి చూశాడు.

లోవెల్ తన బూటు లేసు వంక చూసుకున్నాడు. అది ఊడలేదు. అయినా వంగి దాన్ని విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"తప్పు నాదే, సర్," అన్నాడు ఎఫ్రెయిన్.

కుర్రాళ్ళు వెళ్ళిపోయాక రస్ తన గదిలో కుర్చీలో కూలబడ్డాడు. లోవెల్ తలుపు మూశాడు.

"వాణ్ణి కుడికి వెళ్ళమంది మనం, రస్."

"నాకు తెలీదా?"

"తెలిస్తే మరి..."

"తెలిస్తే ఏం చెయ్యమంటావ్?" రస్ గొంతు పెంచలేదు. "రాత్రంతా ఆస్పత్రిలో ఆ పిల్లాడి తల్లి పక్కన కూర్చున్నా. ఆవిడకి కాఫీ తెచ్చిచ్చా. 'మీరు ఉన్నారు కాబట్టి ధైర్యంగా ఉంది కోచ్' అంది నాతో. ఆవిడతో ఏమని చెప్పను? మీవాడి పక్కనున్నవాణ్ణి నేనే తీసేశానని చెప్పనా?"

 వాళ్ళిద్దరూ ఈ స్కూలుకి ఒకే ఏడాది వచ్చారు. రస్ పిల్లల పెళ్ళిళ్ళలో వంట పొయ్యి దగ్గర నిలబడి మాంసం కాల్చింది లోవెలే.

"ఊరికి ఎవరో ఒకళ్ళు కావాలి లోవెల్," అన్నాడు రస్, చేతులతో మొహం రుద్దుకుంటూ. "వాడు పిల్లాడు. నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు. నన్నైతే మర్చిపోరు. మన అందర్నీ ఊడబెరికిగానీ వదలరు. నిన్ను కూడా. కాస్త ఓపిక పట్టు."

సోమవారానికి ఎఫ్రెయిన్‌కి కొత్త పేరు వచ్చింది. గేటు. వాడు వరండాలో నడుస్తుంటే కుర్రాళ్ళు రెండు పక్కలకీ జరిగి, "దారివ్వండ్రా, గేటొస్తోంది," అని వంగి దణ్ణాలు పెడుతున్నారు. భోజనాల దగ్గర వాడు కూర్చున్న బల్ల చుట్టూ మిగతా కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. మంగళవారం లోవెల్ మెయిన్‌రోడ్డులో టిఫిన్‌కి వెళ్తే, ట్రాక్టర్ల షాపు ముసలాయన గుడ్లట్టు నముల్తూ గట్టిగా అడిగాడు.

"ఏం లోవెల్, నీ గేటుకి గొళ్ళెం పెట్టించలేకపోయావా?"

అందరూ నవ్వారు. లోవెల్ కూడా నవ్వాడు. నవ్వేశాకగానీ తను నవ్విన సంగతి అతనికి తెలియలేదు. ప్లేటు అలాగే వదిలేసి లేచి వచ్చేశాడు.

స్కూల్లో అతను నేర్పేది వెల్డింగు. బుధవారం ఆఖరి పిరియడ్‌లో పిల్లలు ఎవరి ముక్కలు వాళ్ళు పట్టుకుని పనిలో ఉన్నారు. రేకుల కప్పు కింద ఇనుము కాలిన వాసన, నీలం మెరుపులు. ఎఫ్రెయిన్ ఓ మూల మాంసం కాల్చే పెద్ద పొయ్యి చేస్తున్నాడు. పాత గ్యాస్ ట్యాంకుని నిలువునా కోసి, మూతకి కీళ్ళు అతుకుతున్నాడు. వాడి చెయ్యి నిదానంగా, వణక్కుండా కదుల్తోంది. అతుకు నాణేలు పక్కపక్కన పేర్చినట్టు సమంగా పడుతోంది. లోవెల్ వెనకాల నిలబడి చూశాడు. అది చల్లబడేదాకా ఆగి, వేలితో తడిమాడు.

"బాగా వచ్చింది."

 ఎఫ్రెయిన్ ఇంకో కీలు తీసి సరిచూసుకుంటూ అన్నాడు.

"నా సామాను లాకర్లో పెట్టేశాను కోచ్. ఇవాళ్టినుంచి ప్రాక్టీసుకి రాను."

"అదేంట్రా? ఎల్లుండి ఆట పెట్టుకుని?"

"మా అమ్మని కూడా అంటున్నారు. వృద్ధాశ్రమంలో ముసలమ్మలకి భోజనం పెడుతుంటే, 'ఆ కుర్రాడు మీవాడేనా' అని కంచాలు పక్కకి తోసేస్తున్నారట. ఆవిడకి ఆటంటే ఏంటో కూడా తెలీదు."

"కాస్త ఓపిక పట్టు. నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు."

తన నోట్లోంచి వచ్చిన మాట రస్‌దని లోవెల్‌కి తెలుస్తూనే ఉంది. ఎఫ్రెయిన్ మొహానికున్న ముసుగు పైకెత్తాడు. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

"నేను మీ చేతులు చూశాను కోచ్. రెండు చేతులూ కుడికి తోశారు. నేనే తప్పు చూశానేమో అని ఇంటికెళ్ళి ఆ వీడియో ఎన్నిసార్లో చూసుకున్నా. అందులో మీరు లేరు. మైదానం వరకే ఉంది."

లోవెల్ చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. అలా చూసినందుకు సిగ్గేసింది.

"నువ్వు తప్పు చూళ్ళేదు."

"శనివారం మీరు చెప్తారనుకున్నా."

"రస్‌తో మాట్లాడాను రా. ఇప్పుడు అదంతా..."

"అందరి ముందూ చెప్పకపోతే పోనీండి." వాడి గొంతులో కోపం లేదు. అదే లోవెల్‌కి కష్టంగా ఉంది. "నన్ను పక్కకి పిలిచి, 'నీ తప్పేం లేదురా' అని ఒక్క మాట అన్నా సరిపోయేది. ఇన్ని రోజుల్నుంచీ రోజూ ఇక్కడే, మీ ముందే పని చేసుకుంటున్నా కదా."

ముసుగు కిందికి దించుకున్నాడు. మెరుపు వెలిగింది. లోవెల్ కళ్ళు తిప్పుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ప్రాక్టీసులో ఎడమ చివర ఎవరెవర్నో పెట్టి చూశారు. కొత్త క్వార్టర్‌బ్యాక్ వెస్లీ పూల్ అని సన్నటి కుర్రాడు. భుజాల కవచం తొడిగితే తాబేలు పిల్ల తల బయట పెట్టినట్టుంటాడు. ఎవరు దగ్గరికొచ్చినా బంతి విసరకముందే కళ్ళు మూసుకుంటున్నాడు. రస్ ఈల ఊది, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. లోవెల్ మాత్రం ఎవరి కాళ్ళూ చూడలేదు. ఇంటికెళ్ళి పెరట్లో, పొద్దుగుంకేదాకా, పనేమీ లేకపోయినా పిక్‌అప్ ట్రక్కు బానెట్ ఎత్తి నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం ప్రాక్టీసుకి ముందు మళ్ళీ వీడియో గది. రస్ రేపటి ప్రత్యర్థుల ఆట చూపిస్తున్నాడు. గారెట్ ల్యాండ్రమ్ చంకకర్రలతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. కాలికి తొడ దాకా కట్టు. వాడు రాగానే అందరూ లేచి చోటిచ్చారు. ఎఫ్రెయిన్ కుర్చీ ఖాళీగా ఉంది.

"రస్, ఒక్క నిమిషం," అన్నాడు లోవెల్.

"తర్వాత మాట్లాడదాం."

"ఇప్పుడే." లోవెల్ వెళ్ళి పోయిన వారం ఆట తీసి ఆ ముక్క పెట్టాడు. అయిదుగురూ వంగి నిలబడ్డ దగ్గర ఆపాడు. తెర ముందుకొచ్చి నిలబడ్డాడు. బొమ్మ వెలుగు అతని చొక్కా మీద, మొహం మీద పడింది. "ఇందులో నేను కనపడను. అందుకని ఇక్కడ చూపిస్తున్నా. ఇదీ నేను ఆ రోజు చేసింది."

రెండు చేతులూ ఎత్తి కుడికి తోశాడు.

"లోవెల్, లైటు వెయ్యి," అన్నాడు రస్.

"అందర్నీ కుడికి వెళ్ళమన్నాం. ఎడమ పక్క ఉండాల్సినవాణ్ణి దూరంగా పంపేశాం. అక్కడ ఎవరూ లేరు. బరేరా చెప్పింది చెప్పినట్టు చేశాడు. వాడి తప్పు లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. శనివారం ఇదే గదిలో చెప్పాల్సింది. చెప్పలేదు."

అతని చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించుకున్నాడు. కుర్రాళ్ళు ఉలిక్కిపడతారని, గోల చేస్తారని అనుకున్నాడు.  ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు.

బంతి వెనక్కి అందించే క్లింట్ అడ్కిన్స్, అయిదుగురిలో మధ్యవాడు, మెల్లగా అన్నాడు.

"తెలుసు కోచ్."

"ఏం తెలుసు?"

"మేం అయిదుగురం కుడికే పోయాం కదా. అందరం మీ చేతులు చూసే పోయాం."

లోవెల్ ఒకడుగు ముందుకేశాడు. "తెలిసి... వారం రోజులు ఎందుకు నోరు మూసుకున్నార్రా? వాడు మీ పక్కన నిలబడేవాడు!"

క్లింట్ పొగరుగా అనలేదు. వాడికి నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"మీరు మూసుకున్నారు కదా కోచ్. చెప్పకూడదేమో అనుకున్నాం."

లోవెల్ తెర ముందునుంచి పక్కకి జరిగాడు.

వెనక వరసలో చంకకర్ర నేలకి తగిలిన చప్పుడైంది. గారెట్ లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"నాకూ కనపడింది," అన్నాడు. "ఎడమ పక్క ఖాళీగా ఉందని. చెయ్యెత్తి టైమౌట్ అడిగి ఆటాపేసి ఉంటే సరిపోయేది. ఎత్తలేదు. కోచ్ చెప్పినదాన్ని నేను మార్చడమేంటి అనుకున్నా." తన కట్టు వంక చూసుకుని, "బరేరా రోజూ మెసేజ్ పెడుతున్నాడు నాకు. నొప్పెలా ఉంది, అన్నం తిన్నావా అని. ఒక్కదానికీ జవాబివ్వలేదు నేను," అన్నాడు.

రస్ డెన్నార్డ్ మొహం పాలిపోయింది.  టోపీ తీసి, లోపల ఏదో రాసుందన్నట్టు దాని వంక చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అందరూ మైదానంలోకి నడవండి," అన్నాడు చివరికి. కుర్రాళ్ళు బయటికి పోతుంటే, లోవెల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "ఈల, హెడ్‌సెట్ ఇక్కడ పెట్టేసి ఇంటికెళ్ళు. రేపు రాకు."

"సరే."

"ఆట ముందు రోజే దొరికిందా నీకు?"

"ముందు రోజులన్నీ పాడుచేసుకున్నాను కదా, రస్."

శుక్రవారం పొద్దున్నుంచీ వాన. సాయంత్రానికి జల్లుగా మారిందిగానీ మైదానం బురదైపోయింది. లోవెల్ జీవితంలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని గ్యాలరీలోకి వచ్చాడు. కబురు అప్పటికే ఊరంతా పాకింది. అతను కూర్చున్న బెంచీ మీద ముగ్గురు లేచి వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. "వీడు ఇంకో వారం ఆగలేకపోయాడా," అని ఎవరో వినపడేట్టే అన్నారు. లోవెల్ గొడుగు సర్దుకున్నాడు.

కాసేపటికి పొట్టిగా, పనిచేసే చోటి బట్టల మీదే కోటు వేసుకున్న ఒకావిడ మెట్లెక్కి వచ్చి, ఆ ఖాళీ అయిన చోట కూర్చుంది. ఒఫీలియా బరేరా. ఎఫ్రెయిన్ తల్లి.

"మీరు ఇక్కడ కూర్చున్నారేంటి సర్? కింద కదా ఉండాలి?"

"ఇవాళ్టికి ఇక్కడే." లోవెల్ గొడుగు ఆమె వైపుకి వంచాడు. "మీవాడు వచ్చాడా?"

"నిన్న సాయంత్రం నలుగురు మనుషులొచ్చారు మా ఇంటికి. మనుషులంటే ఏనుగులు. ఒకడు కూర్చుంటే సోఫా కుయ్యోమంది. ఆదివారం దాకా వస్తాయని వండిన తమాలేలు మొత్తం తినేశారు."

"మీవాడితో ఏమన్నారు?"

"నాతో అయితే వంట బావుందన్నారు." ఆమె నవ్వింది. "వాడితో ఏమన్నారో తెలీదు. పెరట్లో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎక్కువ మాట్లాడింది మావాడే. వాడు అంత మాట్లాడతాడని నాకూ తెలీదు."

జట్టు మైదానంలోకి వచ్చింది. తెల్ల చొక్కాలు. అందరికన్నా ఆఖర్న, పరిగెత్తకుండా నడిచి, ఎఫ్రెయిన్ వచ్చాడు. గ్యాలరీలో ఎక్కడో ఎవరో "గేటు!" అని అరిచారు. ఇంకెవరో "నోర్ముయ్యరా," అన్నారు.

ఆట మొదలైంది. లోవెల్ అలవాటు ప్రకారం గీత మీద కాళ్ళ వంకే చూశాడు. ఇవాళ వాళ్ళకి చేతులు చూపించడానికి ఎవరూ లేరు. రస్ ఒక్కడే అవతల నిలబడి తడిసిపోతున్నాడు. మొదట్లో అయిదుగురూ అలవాటుగా బయటికి చూశారు. తర్వాత మానేశారు. వంగే ముందు క్లింట్ వెనక్కి తిరిగి ఏదో చెప్తున్నాడు. ఎడమ చివరినుంచి ఎఫ్రెయిన్ చెయ్యి చాపి అవతలివాళ్ళలో ఒకణ్ణి చూపించి ఏదో అరుస్తున్నాడు. మిగతావాళ్ళు తలలూపి ఒక అడుగు ఇటో అటో జరుగుతున్నారు. లోవెల్ ఎన్నో ఏళ్ళు వాళ్ళకి నిలబడటం నేర్పాడు. ఇలా మాట్లాడుకోవడం ఎప్పుడూ నేర్పలేదు.

ఒకసారి రస్ ఏదో కేకేసి సైగ చేశాడు. ఎఫ్రెయిన్ అటు చూశాడు, తన పక్క చూసుకున్నాడు, నిటారుగా లేచి నిలబడి చెయ్యెత్తాడు. ఆట ఆగింది. గ్యాలరీ గొణిగింది. రస్ చేతిలోని కాగితాలు తొడకేసి కొట్టుకుని నాలుగడుగులు గీత దాకా వచ్చాడు. కుర్రాళ్ళు అయిదుగురూ అతని వంకే చూస్తూ నిలబడ్డారు. రస్ కాసేపు అలాగే ఉండి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

వెస్లీ పూల్ విసిరిన బంతులు చాలావరకు నేలపాలయ్యాయి. వాడి చెయ్యి గారెట్ చెయ్యి కాదు. కానీ రెండో సగంలో వాడు కళ్ళు మూసుకోవడం మానేశాడు. బంతి పట్టుకుని, తొందరపడకుండా నిలబడి, చూసి విసురుతున్నాడు. పడినా పడకపోయినా చూసి విసురుతున్నాడు. కింద గీత పక్కన చంకకర్రల మీద ఆనుకున్న గారెట్, వెస్లీ బయటికొచ్చినప్పుడల్లా వాడి తల దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్తున్నాడు.

కార్వర్ ఫ్లాట్ ఓడిపోయింది. కొద్దిలోనే ఓడిపోయింది. కానీ ఓటమి ఓటమే. జనం గొడుగులు విదిలిస్తూ లేచారు. "అయిపోయింది, ఈ ఏడు ఇంతే." "డెన్నార్డ్‌ని సాగనంపాల్సిందే." "ముందు ఆ లోవెల్‌గాణ్ణి అనాలి." మాటలు మెట్లు దిగి వెళ్ళిపోయాయి. లోవెల్ కదల్లేదు. ఒఫీలియా కూడా కూర్చునే ఉంది, బోర్డు మీద అంకెల వంక కళ్ళు చిట్లించి చూస్తూ.

"ఓడిపోయామా సర్?"

"ఓడిపోయాం."

కింద చేతులు కలుపుకుంటున్న రెండు జట్లనీ ఆమె పరకాయించి చూసింది.

"ఆ సన్నటి పిల్లాణ్ణి ఎందుకు ఆడనివ్వలేదు మరి? వాడుంటే గెలిచేవాళ్ళేమో."

"ఎవరు? వెస్లీయా? మొదట్నుంచీ చివరిదాకా ఆడింది వాడే కదండీ."

"వాడా!" ఆమె నమ్మలేదు. "మరి చొక్కాకి మట్టేదీ?"

లోవెల్ చూశాడు. ఇన్నాళ్ళూ కాళ్ళు తప్ప ఏమీ చూడనివాడు ఇప్పుడు తలెత్తి ఆ కుర్రాడి చొక్కా చూశాడు. పొట్ట దగ్గర తడి బంతి ఆనించుకున్న మరక తప్ప, వానకి ఒంటికి అతుక్కుపోయి, తెల్లగా ఉంది. ఆ బురదలో అంతసేపూ ఆడినవాడి ఒంటి మీద ఒక్క మనిషి చెయ్యి కూడా పడలేదు.

  గొడుగు పట్టుకున్న చేత్తోనే మైదానం చివరికి చూపించాడు. అక్కడ అయిదుగురు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని లాకర్ గది వైపు నడుస్తున్నారు. ఒఫీలియా అటు చూసింది. తల నుంచి పాదాల దాకా బురద పట్టి, వీపు మీద అంకె కూడా కనపడకుండా ఉన్న ఆ అయిదుగురిలో తన కొడుకెవరో పోల్చుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.